పదకొండు పెట్టెల్లో బ్రిస్టల్ బస్సులు: స్కానింగు, క్యాసెట్లు, జాబితా – పని డైరీ

ఇంగ్లండు నైరుతి భాగంలో బ్రిస్టల్ నగరం, బాత్, గ్లోస్టర్, వెస్టన్-సూపర్-మేర్, వెల్స్, వీటి మధ్య పల్లెలు. ఈ ప్రాంతమంతా బస్సులు నడిపిన కంపెనీ బ్రిస్టల్ ఆమ్నిబస్. దానికి సంబంధించిన పాత సామాను మూడు కుటుంబాల నుంచి 11 అట్టపెట్టెల్లో వచ్చింది. దాన్ని స్కాన్ చేసి, క్యాసెట్లను ఫైళ్లుగా మార్చి, వెతికితే దొరికేలా జాబితా చేయడం పని. ఇలాంటి పెట్టెలు చేతికొచ్చిన వాళ్లు ఇదే దారిలో వెళ్లొచ్చు. ఎక్కడ తప్పామో చూసి ఆ తప్పు చేయకుండానూ ఉండొచ్చు. మన ఆర్టీసీ డిపోల్లో రిటైరైన వాళ్ల ఇళ్లలో ఫోటోలు, వేబిల్లులు, టికెట్ కట్టలు ఉంటే వాటికీ ఈ లెక్కలే పనికొస్తాయి.

దశ 1 – లెక్కపెట్టడం

పెట్టెల్లో తేలినవి:

35 ఎంఎం స్లైడ్లు: 2,140
నలుపు-తెలుపు నెగెటివ్ స్ట్రిప్పులు: 96, ఒక్కోదానిలో 6 చొప్పున 576 ఫ్రేములు
టైంటేబుల్ పుస్తకాలు: 63, మొత్తం 7,560 పేజీలు
విడి టికెట్లు: 410
ఆడియో క్యాసెట్లు: 38, అందులో 90 నిమిషాలవి 29, 60 నిమిషాలవి 9
చేత్తో రాసిన బస్సుల నోటు పుస్తకాలు: 9

మొదటి తప్పు మొదటి రోజే జరిగింది. రెండు పెట్టెలు బోర్లించి స్లైడ్లు ఒకవైపు, టికెట్లు ఒకవైపు, పుస్తకాలు ఒకవైపు సర్దేశాం. టికెట్లు ఫలానా స్లైడ్ల డబ్బాలోనే ఎందుకున్నాయో ఆ తర్వాత తెలిసింది. ఒక రోజు ప్రయాణంలో తీసిన ఫోటోలూ, ఆ రోజు కొన్న టికెట్లూ కలిపి దాచుకున్నారు. స్లైడు మీద తేదీ లేకపోయినా పక్కనున్న టికెట్టు మీద ఉంటుంది. ఆ రెండు పెట్టెల్లో ఆ లంకె పోయింది, తిరిగి రాదు. జాబితాలో వాటికి ‘వరస పోయింది’ అని గుర్తు పెట్టాం. మిగతా తొమ్మిదింటికి పద్ధతి మార్చాం:

1. మూత తీయగానే, దేన్నీ కదపకముందే, పైనుంచి ఫోటో తీయాలి.
2. ఒక్కో వరస తీశాక మళ్లీ ఫోటో.
3. నంబరులో పెట్టె, వరస, వస్తువు మూడూ ఉండాలి. ఉదాహరణకు పె07-వ2-114.
4. నంబరు 2బి పెన్సిల్‌తో స్లైడు అట్ట మీద రాయాలి. బాల్ పెన్ను వద్దు, స్టిక్కరు అసలే వద్దు. స్టిక్కరు జిగురు కరిగి పక్క స్లైడుకు అంటుకుంటుంది.
5. రబ్బరు బ్యాండ్లు, తుప్పు పట్టిన పిన్నులు తీసేయాలి. చేతిరాత ఉన్న పాత కవర్లను మాత్రం పారేయకూడదు, అవి కూడా సరుకే.

ఇప్పటిదాకా: 31 గంటలు. ఖర్చు 64 పౌండ్లు – కవర్లు, చేతి తొడుగులు, గాలి బుడ్డి, పెన్సిళ్లు.

దశ 2 – స్లైడ్లు, నెగెటివ్‌లు

పాత ఫిల్మ్ స్కానర్ ఒకటి 240 పౌండ్లకు కొన్నాం. 4,000 డీపీఐ (అంగుళానికి చుక్కలు) దగ్గర 36×24 మి.మీ. ఫ్రేము 5,669×3,780 పిక్సెళ్లు వస్తుంది. రంగుకు 16 బిట్లు పెడితే టిఫ్ (నాణ్యత తగ్గించకుండా దాచే ఫోటో ఫైలు) దాదాపు 129 ఎంబీ. 2,140 స్లైడ్లకు 275 జీబీ. డిస్కులు కొనకముందే ఈ గుణకారం చేసుకోవాలి.

దెబ్బ తిన్నది దుమ్ము దగ్గర. స్కానర్‌లో ఇన్‌ఫ్రారెడ్ కాంతితో దుమ్ము, గీతలను కనిపెట్టి చెరిపే సౌకర్యం ఉంది. అది ఆన్‌లో పెట్టి 380 స్లైడ్లు చేశాం. ఒక్కోదానికి 2 నిమిషాల 50 సెకన్లు పట్టింది. వంద శాతం సైజులో తెరిచి చూస్తే రేడియేటర్ గ్రిల్లు కడ్డీల అంచులు అలుక్కుపోయి ఉన్నాయి, నంబరు ప్లేటు అక్షరాల చుట్టూ మచ్చలున్నాయి. మిగతా కలర్ ఫిల్మ్‌ల రంగు పొరల్లోంచి ఇన్‌ఫ్రారెడ్ సాఫీగా వెళ్లిపోతుంది. కొడాక్రోమ్ అనే కొడాక్ ఫిల్మ్ పొరలు మాత్రం దాన్ని కొంత అడ్డుకుంటాయి. యంత్రం ఆ నీడలను దుమ్ము అనుకుని అసలు బొమ్మనే చెరిపేసింది. 380లో 212 కొడాక్రోమ్‌లు. ఆ 212 మళ్లీ చేయాల్సి వచ్చింది. నలుపు-తెలుపు నెగెటివ్‌లలోనూ ఇదే చిక్కు, ఎందుకంటే వాటిలో బొమ్మను మోసేది వెండి రేణువులు. అప్పటి నుంచి ఆ సౌకర్యం పూర్తిగా ఆపేసి, దుమ్మును స్కానుకు ముందే గాలి బుడ్డితో ఊదేశాం. ఒక్కో స్లైడుకు సమయం 1 నిమిషం 40 సెకన్లకు తగ్గింది కూడా.

స్థిరపడిన పద్ధతి:

1. స్లైడును దీపం ముందు ఏటవాలుగా పట్టుకుంటే ఒకవైపు మెరుస్తుంది, ఒకవైపు మెరుపు తక్కువ ఉంటుంది. మెరుపు తక్కువున్నది ఎమల్షన్ (బొమ్మ ఉండే పొర) వైపు. ఏ వైపు లోపలికి పోవాలో స్కానర్ మీద ఒకసారి రాసి పెట్టుకోండి.
2. గాలి బుడ్డితో రెండు వైపులా ఊదాలి. స్ప్రే డబ్బా వద్దు, అందులోంచి ద్రవం చిమ్ముతుంది.
3. బూజు కనిపిస్తే ఆ స్లైడును వేరే కవరులో పెట్టి, ఉన్నదున్నట్టే స్కాన్ చేయాలి. తడి గుడ్డ తగిలించొద్దు. బూజు తిన్న ఎమల్షన్ నీటికి కరుగుతుంది, తుడుపుతో పాటు బొమ్మా పోతుంది.
4. అట్ట ముందూ వెనకా ఫోన్‌తో ఫోటో తీయాలి. రాతలన్నీ అక్కడే ఉంటాయి.
5. మూల ఫైలులో రంగు దిద్దకూడదు. దిద్దినది వేరే కాపీగా ఉంచాలి.

అయిదో అంశం గురించి కొంచెం చెప్పాలి. ఈ కంపెనీ బస్సుల పాత రంగు టిల్లింగ్ గ్రూపు (అప్పట్లో ఈ కంపెనీ ఉన్న బస్సు కంపెనీల గుంపు) ముదురాకుపచ్చ, మీగడ రంగు పట్టీలతో. 1972 నుంచి ప్రభుత్వ నేషనల్ బస్ కంపెనీ లేతాకుపచ్చ వచ్చింది. వెలిసిపోయిన ఎక్టాక్రోమ్ (కొడాక్ వాళ్లదే ఇంకో ఫిల్మ్) స్లైడులో మొదటి ఆకుపచ్చ గోధుమ రంగులోకి దిగిపోతుంది. కంటికి బాగుందని దిద్దుకుంటూ పోతే రెండు ఆకుపచ్చలూ ఒకటైపోతాయి. ఫోటో ఏ కాలంనాటిదో చెప్పే మంచి ఆధారం అలా చేజారుతుంది.

తిరగబడ్డ స్లైడ్లు 27 తేలాయి. అక్షరాలు కనిపిస్తే ఇట్టే తెలిసిపోతుంది. బస్సు దూరంగా, మసకగా ఉంటే ఇలా చూడండి: ఇంగ్లండులో కూడా మనలాగే ఎడమవైపు నడుపుతారు, డ్రైవరు కుడివైపు కూర్చుంటాడు. పాత బస్సుల్లో డ్రైవరుది సగం వెడల్పు క్యాబిన్, దాని పక్కన ఇంజను బోనెట్. బస్సు ముఖం మనవైపు ఉంటే క్యాబిన్ ఫోటోలో ఎడమవైపు రావాలి. కుడివైపు వచ్చిందంటే స్లైడు తిరగబడినట్టే.

ఇప్పటిదాకా: మొదటి 380కి పోయిన 18 గంటలతో కలిపి స్లైడ్లకు 73, నెగెటివ్‌లకు 11. మొత్తం 115 గంటలు. స్కానరు, 180 పౌండ్లతో మూడు డిస్కులు కలిపి ఖర్చు 484 పౌండ్లు. ఫైళ్లు 300 జీబీ.

దశ 3 – ఒక బస్సుకు ఒక్కటే గుర్తు: మూడు ప్రయత్నాలు

ప్రతి ఫోటోనూ ఒక బస్సుకు ముడిపెట్టాలంటే ఆ బస్సుకు మారని గుర్తు ఒకటి కావాలి. ఇక్కడే 76 గంటలు పోయాయి.

మొదటి ప్రయత్నం కంపెనీ నంబరు. బస్సు ఒంటి మీద పెద్దగా కనిపించేది అదే. ఉదాహరణకు 1949లో వచ్చిన లోడెక్కా (ఎత్తు తగ్గించిన డబుల్ డెక్కర్) నమూనా బస్సు సి5000. ఈ నంబర్లు బస్సు పుట్టుకతో వచ్చినవి కావు, కంపెనీ తన వీలును బట్టి ఇచ్చుకున్నవి. బస్సును వేరే పనికి మార్చినప్పుడు ముందక్షరం మారింది. పాత బస్సు పోయాక దాని నంబరు కొత్తదానికి వచ్చింది. ఒకే నంబరు కింద రెండు తరాల బస్సుల ఫోటోలు కలిసిపోయాయి.

రెండో ప్రయత్నం రిజిస్ట్రేషను. పైన చెప్పిన సి5000ది ఎల్‌హెచ్‌వై 949. ఇది మెరుగే. బ్రిస్టల్ నగరానికి ఏఈ, హెచ్‌టి, హెచ్‌యు, హెచ్‌డబ్ల్యు, హెచ్‌వై అక్షరాలు ఇచ్చారు కాబట్టి స్థానిక బస్సో కాదో కూడా ప్లేటు చూసి పోల్చుకోవచ్చు. మన వైపు ఏపీ 11 జెడ్ లాంటి నంబర్లలో జెడ్ చూడగానే ఆర్టీసీ అని తెలిసినట్టే. చిక్కు ఏమిటంటే, రెండో ప్రపంచ యుద్ధానికి ముందు తయారైన ఛాసిస్‌లకు (బాడీ కింద ఉండే చట్రం, చక్రాలు, ఇంజను) యుద్ధం తర్వాత పాత బాడీ పీకేసి కొత్తది కట్టారు. ప్లేటు అదే, ఛాసిస్ అదే, రూపం మాత్రం పూర్తిగా వేరు. రెండు ఫోటోలు పక్కపక్కన పెడితే ఒకే బస్సని ఎవరూ నమ్మరు. పైగా బ్రిటన్‌లో రిజిస్ట్రేషన్లు అమ్ముకోవచ్చు. సంరక్షణలో ఉన్న కొన్ని బస్సులకు ఇప్పుడున్నది మొదటి ప్లేటు కాదు.

మూడోది ఛాసిస్ నంబరు. నిలిచింది ఇదే. ఛాసిస్, బాడీ వేర్వేరు పట్టికలు పెట్టి, ఏ బాడీ ఏ ఛాసిస్ మీద ఎప్పటి నుంచి ఎప్పటి దాకా ఉందో మూడో పట్టికలో రాశాం. ఇందులోనూ ఒక ఉచ్చు ఉంది. చాలా బ్రిస్టల్ ఛాసిస్ నంబర్లు ఆర్డరు సంఖ్య, చుక్క, వరస సంఖ్యగా ఉంటాయి. ఎక్సెల్ దాన్ని దశాంశం అనుకుంది. చుక్క తర్వాత 010 ఉంటే 01 చేసింది, 100 ఉంటే 1 చేసింది. డేటా ఎక్కించకముందే ఆ నిలువు వరసను ‘టెక్స్ట్’గా మార్చాలి. ఎక్కించాక మారిస్తే పోయిన సున్నాలు తిరిగి రావు.

తరువాతి తప్పు పేరులోనే ఉంది. బ్రిస్టల్ అన్నది బస్సులు నడిపిన కంపెనీ, బ్రిస్టల్ అన్నది ఛాసిస్‌ల తయారీ మార్కు కూడా. కంపెనీ 1908 నుంచి తన ఛాసిస్‌లు తానే చేసుకుంది. తర్వాత ఇతర కంపెనీలకూ అమ్మింది. 1955లో తయారీ విభాగాన్ని బ్రిస్టల్ కమర్షియల్ వెహికల్స్ పేరుతో వేరు చేశారు. బ్రిస్టల్‌లోనే బ్రిస్లింగ్టన్ అనే పేటలో ఉన్న ఆ కార్ఖానా 1983లో మూతబడింది. 1948లో ప్రభుత్వ పరం అయినప్పటి నుంచి 1965 దాకా ఈ ఛాసిస్‌లు ప్రభుత్వ రంగ కంపెనీలకే అమ్మాలన్న కట్టుబాటు ఉండేది. అందుకే క్రాస్‌విల్, ఈస్టర్న్ కౌంటీస్, యునైటెడ్, అందరి దగ్గరా బ్రిస్టల్ బస్సులే. నోటు పుస్తకాల్లో ‘బ్రిస్టల్’ అని ఉన్న ప్రతిదాన్నీ బ్రిస్టల్ ఆమ్నిబస్ బస్సు కింద ఎక్కిస్తే, 94 స్లైడ్లు వేరే కంపెనీలవని తేలాయి. ‘ఎవరు చేశారు’, ‘ఎవరు నడిపారు’ వేర్వేరు గడులు పెట్టాకే ఇది సర్దుకుంది.

ఛాసిస్ సంకేతాలు చదవడానికి చిన్న కంప్యూటర్ కార్యక్రమం రాశాం. సూత్రం తేలికే:

1. ముందున్న అక్షరాలు రకం. కె అంటే డబుల్ డెక్కర్, కెఎస్‌డబ్ల్యు అంటే 8 అడుగుల వెడల్పు కె రకం, ఎల్ అంటే సింగిల్ డెక్కర్, ఎల్‌డి అంటే లోడెక్కా.
2. మధ్య అంకె సిలిండర్ల సంఖ్య.
3. చివరి అక్షరం ఇంజను. జి అంటే గార్డ్‌నర్, బి అంటే బ్రిస్టల్ సొంతది.

కాబట్టి కె5జి అంటే అయిదు సిలిండర్ల గార్డ్‌నర్ ఉన్న డబుల్ డెక్కర్. గార్డ్‌నర్ 5ఎల్‌డబ్ల్యు 7 లీటర్ల ఇంజను, 85 హార్స్‌పవర్, గరిష్ఠ వేగం నిమిషానికి 1,700 చుట్లు మాత్రమే. క్యాసెట్లలో డ్రైవర్లు ‘కొండ ఎక్కేటప్పుడు రెండో గేరే’ అని ఎందుకంటారో ఈ అంకెలు చూస్తే అర్థమవుతుంది.

కార్యక్రమం ‘ఎల్’తో మొదలైన ప్రతిదాన్నీ సింగిల్ డెక్కర్ అనుకుంది. 301 లోడెక్కాలకు పై అంతస్తు ఎగిరిపోయింది. పొడవైన సంకేతాన్ని ముందు పోల్చి, చిన్నదాన్ని చివర పోల్చమని వరస మార్చాం, సరిపోయింది.

లోడెక్కా గురించి తెలియని వాళ్లకు: వంతెనల కింద పట్టేలా ఎత్తు తగ్గించిన పాత డబుల్ డెక్కర్లలో పై అంతస్తు నడవను ఒక పక్కకు నెట్టి, కిందికి దించి కట్టేవారు. ఆ గుంత కింది అంతస్తు వాళ్ల నెత్తి మీదికి పొడుచుకొచ్చేది. పైన నలుగురేసి కూర్చునే బెంచీలో కిటికీ పక్కనున్న మనిషి దిగాలంటే మిగతా ముగ్గురూ లేవాలి. లోడెక్కాలో ప్రొపెల్లర్ షాఫ్టును (ఇంజను శక్తిని వెనక చక్రాలకు చేర్చే కడ్డీ) పక్కకు జరిపి, వెనక ఇరుసును కొత్తగా రూపొందించి, కింది అంతస్తు నేలనే దించారు. రెండు అంతస్తుల్లోనూ నడవ మధ్యకు వచ్చింది, ఎత్తు మాత్రం మామూలు డబుల్ డెక్కర్ కన్నా సుమారు ఒక అడుగు తక్కువ. బాడీలు లోస్టాఫ్ట్‌లోని ఈస్టర్న్ కోచ్ వర్క్స్‌వి. 1968 దాకా అయిదు వేలకు పైగా తయారయ్యాయి.

తేదీలకు ఒక్క గడి చాలదు. ‘దీనికి ముందు కాదు’, ‘దీని తర్వాత కాదు’ అని రెండు పెట్టాం. ఆధారాలు:

1. బస్సు పక్కన కింద చిన్న అక్షరాల్లో యజమాని పేరుంటుంది. ‘ట్రామ్‌వేస్ అండ్ క్యారేజ్’ అని ఉంటే 1957కు ముందు రాసినది, ఆ ఏడే పేరు ఆమ్నిబస్‌గా మారింది. పాత రాత ఉన్న బస్సు మళ్లీ రంగు వేసేదాకా అలాగే తిరుగుతుంది, కాబట్టి కొంత వెసులుబాటు ఇవ్వాలి.
2. ప్లేటు చివర సంవత్సరాక్షరం. ‘ఇ’ అక్షరం 1967 జనవరి నుంచి జులై దాకే, ఆగస్టు నుంచి ‘ఎఫ్’. ఇది బస్సు నమోదైన కాలం, ఫోటో అంతకు ముందుది కాలేదు.
3. లేతాకుపచ్చ, నేషనల్ బస్ గుర్తు ఉంటే 1972కు ముందు కాదు.
4. స్లైడు అట్ట మీద అచ్చైన నెల ఫిల్మ్ కడిగినది. కెమెరాలో రీలు ఆరు నెలలు ఉండిపోవచ్చు. దాన్ని ‘తర్వాత కాదు’ గడిలోనే వాడాలి.

ఇప్పటిదాకా: 191 గంటలు. ఖర్చు మారలేదు.

దశ 4 – టైంటేబుళ్లు, టికెట్లు

పుస్తకాలను గాజు కింద అదిమితే వెన్ను విరుగుతుంది. రెండు పలకలతో వి ఆకారం పీట చేసి, పుస్తకాన్ని సగమే తెరిచి, పైనుంచి కెమెరాతో తీశాం. పల్చని కాగితం కావడంతో వెనక పేజీ అంకెలు ముందుకు కనిపించాయి. 7.14 బండికి 7.44 అని చదివేంత గందరగోళం. ప్రతి పేజీ వెనక నల్ల అట్ట పెడితే మాయమైంది. తెల్ల అట్ట పెడితే ఇంకా ఎక్కువవుతుంది.

400 డీపీఐ నాణ్యతకు రంగులో పేజీకి 22.2 ఎంబీ, అంటే మొత్తం 168 జీబీ. లోపలి పేజీలు గ్రేలో 7.4 ఎంబీ చొప్పున తీసి, అట్టలు మాత్రమే రంగులో ఉంచితే 58 జీబీతో పోయింది. గంటకు 220 పేజీలు, 34 గంటలు.

టికెట్లలో పెద్ద పొరపాటు ఛార్జీల దగ్గర. బ్రిటన్ 1971 ఫిబ్రవరి 15న దశాంశ నాణేలకు మారింది. అంతకు ముందు పౌండుకు 20 షిల్లింగులు, షిల్లింగుకు 12 పెన్నీలు. ఒక షిల్లింగు మూడు పెన్నీలను 1/3 అని రాస్తారు. ఆ గడిలో 1/3 కొట్టగానే ఎక్సెల్ దాన్ని మార్చి నెల ఒకటో తేదీ చేసి కూర్చుంది. 46 టికెట్లు అలా తేదీలైపోయాయి. కొన్నింటిలో తేదీ నిజంగానే ఉండటంతో ఏది ఏదో తెలియక కాగితాలన్నీ మళ్లీ చూడాల్సి వచ్చింది. మార్పు: ఛార్జీని పాత పెన్నీల్లో ఒకే అంకెగా రాయడం. 1/3 అంటే 15. టికెట్టు మీద ఉన్న రూపం పక్క గడిలో టెక్స్ట్‌గా ఉంటుంది. అణాలు, నయాపైసల టికెట్లు ఎక్కించే వాళ్లకూ ఇదే మందు.

ఇప్పటిదాకా: 239 గంటలు, 506 పౌండ్లు, టికెట్లతో కలిపి 369 జీబీ.

దశ 5 – క్యాసెట్లు

38 క్యాసెట్లలో ఉన్నవి రిటైరైన డ్రైవర్లు, కండక్టర్లు, మెకానిక్కులతో సంభాషణలు. మొత్తం 3,150 నిమిషాలు. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్లు, మోనోలో నిమిషానికి 8.64 ఎంబీ, అన్నీ కలిపి 27 జీబీ. ఇక్కడ తొందర పనికిరాదు, వాయిస్తేనే రికార్డవుతుంది: 52 గంటల 30 నిమిషాలు.

ముందు చేయాల్సినవి:

1. క్యాసెట్ అంచునున్న రికార్డు ట్యాబ్ (చిన్న ప్లాస్టిక్ పలుకు) విరగ్గొట్టాలి. తప్పు బటన్ నొక్కినా చెరగదు.
2. టేపును నొక్కే చిన్న స్పాంజి దిమ్మె ఊడిందేమో చూడాలి. మాకు 6 క్యాసెట్లలో ఊడింది. అతికించిన డొల్లను జాగ్రత్తగా విప్పి, టేపు చక్రాలను స్క్రూలున్న కొత్త డొల్లలోకి మార్చాం.
3. ఒకసారి పూర్తిగా ముందుకు, ఒకసారి పూర్తిగా వెనక్కు తిప్పాలి. అంటుకున్న చుట్లు వదులవుతాయి.
4. డెక్‌లో (క్యాసెట్ వాయించే యంత్రంలో) టేపును చదివే హెడ్ పక్కనున్న సన్న స్క్రూ ప్రతి క్యాసెట్‌కూ సరిచేయాలి. రికార్డు చేసిన యంత్రం హెడ్ వంపు వేరే ఉంటుంది. ‘స’, ‘ష’ శబ్దాలు స్పష్టంగా వినిపించేచోట ఆపాలి.

నాలుగోది చేయకుండా 9 క్యాసెట్లు ఎక్కించేశాం. గొంతు దుప్పటి కప్పుకుని మాట్లాడినట్టుంది. సాఫ్ట్‌వేర్‌లో ట్రెబుల్ పెంచితే బుస్సుమన్న హోరు పెరిగిందే తప్ప మాట తేటపడలేదు. టేపు మీద అందుకోనిది ఫైలులోకి ఎక్కడినుంచి వస్తుంది? తొమ్మిదీ మళ్లీ.

వేగం ఇంకో సంగతి. నాలుగు క్యాసెట్లలో గొంతులు మందగించి, లావుగా వినిపించాయి. మా డెక్ వేగం టెస్టు టేపుతో ముందే సరిచూసి ఉంచాం, కాబట్టి తేడా రికార్డు చేసిన యంత్రానిది. కరెంటు మీద నడిచిన యంత్రంతో, ఫ్రిజ్, ట్యూబ్‌లైట్ ఉన్న గదిలో రికార్డైనవి కావడంతో వెనక సన్నగా ‘హుమ్’ ఉంది. బ్రిటన్ కరెంటు 50 హెర్ట్జ్. స్పెక్ట్రమ్‌లో (ఏ శబ్దం ఎంత ఉందో చూపే పటంలో) ఆ గీత 48.2 దగ్గర కనిపించింది. 50ని 48.2తో భాగిస్తే 1.037. ఫైలును 3.7 శాతం వేగం పెంచగానే 45 నిమిషాల వైపు 43.4 నిమిషాలైంది, మనిషి గొంతు మనిషి గొంతులా వినిపించింది. 50 దగ్గర గీత స్పష్టంగా లేకపోతే 100 దగ్గర వెతకండి. మన కరెంటు కూడా 50 హెర్ట్జే, ఇక్కడ రికార్డైన వాటికీ ఈ లెక్క నడుస్తుంది. బ్యాటరీ మీద రికార్డైతే ఈ దారి లేదు.

విషయసూచిక రాయడానికి గంట ఆడియోకు 3 గంటలు పట్టింది. ఇందులో ఒక నియమం తొందరగానే పెట్టుకున్నాం: మాట్లాడినవాళ్లు చెప్పింది దిద్దకూడదు. బ్రిస్టల్ ట్రాములు ఎప్పుడు ఆగాయో ముగ్గురు మూడు రకాలుగా చెప్పారు. ఆగింది 1941 ఏప్రిల్ 11న, గుడ్‌ఫ్రైడే రాత్రి బాంబుదాడిలో సెయింట్ ఫిలిప్స్ వంతెన దగ్గర కరెంటు సరఫరా తెగిపోయినప్పుడు. ఒకరు దాన్ని 1940 నవంబరు దాడితో కలిపేశారు. ఆ మాట అలాగే ఉంచి, పక్క గడిలో సరైన తేదీ పెట్టాం. జ్ఞాపకం ఏ రెండు రాత్రులను ఒకటి చేసిందో కూడా చరిత్రే.

ఇప్పటిదాకా: 457 గంటలు. డెక్ 85, టెస్టు టేపు 28, డొల్లలు 12 కలిపి 631 పౌండ్లు. 396 జీబీ.

దశ 6 – మనుషుల పట్టిక

ఇది ప్రణాళికలో లేదు. అసలు మొదటే ఉండాల్సింది.

జాబితా పూర్తయ్యాక పరీక్షగా 1963 బస్సు బాయ్‌కాట్ గురించి వెతికాం. ఈ కంపెనీ చరిత్రలో దేశమంతా గుర్తుంచుకున్న ఘటన అది. 38 క్యాసెట్ల సూచికలో ‘బాయ్‌కాట్’ రెండుచోట్ల మాత్రమే తగిలింది. ఛాసిస్ నంబర్లకు మూడు పట్టికలు కట్టాం, మనుషులకు ఒక్కటీ లేదు. సూచిక రాసేటప్పుడు కూడా చెవులు ఇంజను, గేరు, డిపో, రూటు మాటల మీదే ఉన్నాయి. మళ్లీ విన్నాక 11 క్యాసెట్లలో ఆ ప్రస్తావన దొరికింది. ఎవరూ బాయ్‌కాట్ అనలేదు. ‘ఆ గొడవ’ అన్నారు, ‘ఆ ఏడాది’ అన్నారు.

సంగతి తెలియనివాళ్లకు: నల్లజాతి వాళ్లనూ ఆసియా వాళ్లనూ డ్రైవర్లుగా, కండక్టర్లుగా తీసుకోకూడదన్న నిషేధం కంపెనీలో నడిచేది. 1955లో కార్మిక సంఘం ప్రయాణికుల విభాగం ఆ మేరకు తీర్మానమే చేసింది. వర్క్‌షాపులో, క్యాంటీన్‌లో తక్కువ జీతం పనులు మాత్రం ఇచ్చేవారు. 1963 ఏప్రిల్‌లో గై బెయిలీ అనే యువకుడికి యువజన కార్యకర్త పాల్ స్టీవెన్సన్ ఇంటర్వ్యూ కుదిర్చారు. బెయిలీ వెస్టిండీస్ వాడని తెలియగానే ఇంటర్వ్యూ రద్దైంది. ఏప్రిల్ 30న బస్సులెక్కడం మానేయాలన్న పిలుపు మొదలైంది. రాయ్ హాకెట్ ముందుండి నడిపినవాళ్లలో ఒకరు. ఆగస్టు 28న జనరల్ మేనేజరు ఇయాన్ పేటీ నిషేధం ఎత్తేసినట్టు ప్రకటించారు. సెప్టెంబరు 17న తెల్లవాళ్లు కాని మొదటి కండక్టరుగా చేరిన మనిషి మనవాడే, రఘబీర్ సింగ్ అనే సిక్కు. బ్రిటన్‌లో జాతి వివక్ష మీద మొదటి చట్టం 1965లో వచ్చింది. దానికి దారి వేసినవాటిలో ఈ బాయ్‌కాట్‌నూ చెబుతారు.

ఇంత జరిగిన కంపెనీ గురించి మా జాబితాలో రేడియేటర్ గ్రిల్లుల రకాలున్నాయి, ఈ మాట లేదు. అందుకే 2,140 స్లైడ్లూ మళ్లీ తెరిచాం. ఈసారి బస్సును వదిలేసి మనిషిని చూశాం.

సిబ్బంది కనిపించేవి 317. ముఖం పోల్చుకోగలిగేంత స్పష్టంగా ఉన్నవి 41.

పోల్చుకోవడానికి ఆశ పెట్టుకున్నది బ్యాడ్జి మీద. బ్రిటన్‌లో డ్రైవరు బ్యాడ్జి అంచు ఎరుపు, కండక్టరుది ఆకుపచ్చ, మధ్యలో నంబరు. ఒక స్లైడులో లోడెక్కా వెనక గుమ్మంలో కండక్టరు, ఎడమ చెయ్యి కడ్డీ మీద, టికెట్ యంత్రం తోలు పట్టీ భుజం మీదుగా, కోటు మడత మీద బ్యాడ్జి. మనిషి ఫ్రేము ఎత్తులో మూడో వంతు ఉన్నాడు, అంటే 1,260 పిక్సెళ్లు. ఆ లెక్కన సెంటీమీటరుకు ఏడుంపావు నుంచి ఏడున్నర పిక్సెళ్లు, సుమారు 4 సెం.మీ. బ్యాడ్జికి 30. అంచు ఆకుపచ్చ అని తెలుస్తుంది, నంబరు చదవడం కుదరదు. ఇంకా ఎక్కువ డీపీఐ పెట్టినా ఫిల్మ్ రేణువే పెద్దదవుతుంది. కాబట్టి మనిషి నడుము పైకి ఫ్రేమును నింపితే తప్ప బ్యాడ్జి నంబరు మీద గంటలు పోయొద్దు.

తలపాగాతో ఉన్న కండక్టర్లు మూడు స్లైడుల్లో ఉన్నారు. ఆధారం లేకుండా ఎవరికీ పేరు పెట్టలేదు. ‘తలపాగా, కండక్టరు, గుర్తు తెలియదు’ అని మాత్రమే రాశాం. పెద్ద పేరు తగిలించాలన్న కోరికను ఇక్కడ గట్టిగా ఆపుకోవాలి. ఒకసారి తప్పు శీర్షిక బయటికి వెళితే వెనక్కి రాదు.

మనుషుల పట్టికలో ఇప్పుడున్న గడులు:

1. వ్యక్తి సంకేతం. బహిరంగ జాబితాలో పేరు ఉండదు, సంకేతమే.
2. పని: డ్రైవరు, కండక్టరు, ఫిట్టరు, క్లీనరు, క్యాంటీన్, ఆఫీసు. మొదట క్యాంటీన్, క్లీనరు గడులు పెట్టలేదు. నిషేధం ఉన్నప్పుడు నల్లజాతి, ఆసియా వాళ్లు పనిచేసింది సరిగ్గా అక్కడే కాబట్టి చేర్చాం.
3. డిపో, ఏ కాలం నుంచి ఏ కాలం దాకా.
4. ఎలా తెలిసింది: సొంత మాట, ఇంకొకరి మాట, కాగితం, ఫోటో.
5. అనుమతి మూడు మెట్లు: అందరికీ, వచ్చి వినేవాళ్లకు మాత్రమే, ఇప్పుడు ఎవరికీ వద్దు.

సంభాషణల్లో జాతిని కించపరిచే మాటలున్నాయి. వాటిని మూల ఫైలులో కత్తిరించలేదు. సూచికలో నిమిషం, సెకను రాసి ముందే హెచ్చరిక పెట్టాం. కత్తిరించేస్తే, నిషేధం ఎవరూ కోరుకోకుండానే దానంతటదే వచ్చినట్టు వినిపిస్తుంది.

ఇప్పటిదాకా: ఈ దశకు 44, మొత్తం 501 గంటలు. 631 పౌండ్లు. 396 జీబీ, మూడు డిస్కుల మీద మూడు కాపీలు, ఒకటి వేరే ఊళ్లో. కాపీ చేసేటప్పుడు కేబుల్ ఊడి 14 ఫైళ్లు సున్నా సైజుతో పడ్డాయి, చెక్‌సమ్ (ఫైలులోని డేటా నుంచి లెక్కగట్టే సరిచూపు సంఖ్య) సరిచూడబట్టి తెలిసింది. ఫైళ్ల సంఖ్య మాత్రం సరిపోయింది, కాబట్టి సంఖ్య చూసి సరేననుకోవద్దు.

మిగిలినవి

నోటు పుస్తకాలు 9 స్కాన్ చేయడం ఇంకా మొదలవలేదు. పెన్సిల్ రాత వెలిసింది, పక్కనుంచి పడే వెలుతురులో తీసి చూడాలి. అనుమతి పత్రం లేని క్యాసెట్లు 5, కుటుంబాలకు ఉత్తరాలు వెళ్లాయి, జవాబు వచ్చేదాకా మూడో మెట్టులోనే ఉంటాయి. 276 స్లైడుల్లో సిబ్బంది ఉన్నా ముఖం తెలియదు. వాటిని డిపోల వారీగా కాంటాక్ట్ షీట్లుగా, పేజీకి 12 చొప్పున, అచ్చు వేయాలి. 23 పేజీలు. పాత సిబ్బందికి తెరమీద కన్నా కాగితం మీద చూపిస్తే వేలు పెట్టి ‘వీడు ఫలానా’ అని చెప్పడం తేలిక, చెప్పిన పేరు పక్కనే పెన్సిల్‌తో రాసుకోవచ్చు. మొదట లారెన్స్ హిల్ డిపో షీట్లు.